తూము హ్యాండిల్ ఎవరింట్లో ఉండాలి?

కాలువల మీద ఇంజనీరు ఉద్యోగమంటే నీళ్ళతో పని అనుకుని చేరతారు. నేనూ అలాగే చేరాను. మొదటి నెలలోనే తెలిసిపోయింది, నీళ్ళంత బుద్ధిమంతులు ఎవరూ లేరు. పల్లం చూపిస్తే చాలు, ఎదురు చెప్పకుండా పోతాయి. మిగతా ఉద్యోగమంతా మనుషులతోనే.

ముప్ఫై ఏళ్ళు అలా గట్లమ్మట తిరిగాను. యాభై నాలుగో ఏట మోకాళ్ళు గట్టెక్కమంటే మొండికేయడం మొదలెట్టాయి. స్వచ్ఛందంగా విరమణ తీసుకున్నాను. వీడ్కోలు సభలో ఒక కుర్ర ఏఈ లేచి, "సార్ కనిపెట్టిన హ్యాండిల్ పద్ధతి ఇవాళ్టికీ మా సెక్షన్‌లో నడుస్తోంది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బంతిపూల దండ మెడలో దురద పెడుతోంది, నేను తల వంచుకుని కూర్చున్నాను. వినయం అనుకున్నారు.

ఆ పద్ధతి నేను కనిపెట్టలేదు. మొదట్లో నేను దాన్ని చెడగొట్టాను. అది నడిపిన మనిషి మీద అబద్ధం రాసి ఉద్యోగం పోగొట్టాను. తర్వాత అదే పద్ధతికి మెప్పు పొందాను. ఆ మనిషి పేరు సత్తియ్య. టెండర్లు, ట్రాన్స్‌ఫర్లు, ప్రమోషన్ల గురించి ఈ ఉద్యోగంలో కొత్తగా చేరే మీకు చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. ఇది మాత్రం నేనే చెప్పాలి.

రెండు గేట్లు, ఒక హ్యాండిల్

అది నా ఉద్యోగంలో రెండో ఏడు. రామచంద్రపురం దాటాక ఒక పిల్ల కాలువ నా చేతికొచ్చింది. చివర్లో అది రెండుగా చీలుతుంది. ఎడమ పాయ ఎగువ ఊరి చేలకి, కుడి పాయ శివారు ఊరి చేలకి. సార్వా పంటకి వానలుంటాయి కాబట్టి గొడవ లేదు. దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్ళు చాలవు. అందుకని వంతులు: సోమవారం పొద్దున్న ఆరింటి నుంచి మూడు రోజులు శివారుకి, ఆ తర్వాత నాలుగు రోజులు ఎగువ ఊరికి. చీలిక దగ్గర రెండు ఇనప గేట్లు. రెంటినీ తిప్పే హ్యాండిల్ ఒకటే. మూరెడు పొడవు, ఊడదీసి చేత్తో పట్టుకుపోవచ్చు.

సత్తియ్య అక్కడి లస్కరు, అంటే గట్టమ్మట తిరుగుతూ గేట్లు ఎత్తి దించే మనిషి. పర్మనెంటు కాదు. నలభై అయిదేళ్ళుంటాయి అప్పటికి. ఎడం చేతికి పాత గడియారం, మోకాళ్ళ పైకి కట్టిన పంచె, మాటకి ముందో వెనకో ఒక "అండి". మొదటి రోజే అడిగాను.

"హ్యాండిల్ ఏదోయ్ సత్తియ్యా?"

"ఎగువూళ్ళో వీరాయమ్మ గారింట్లో ఉందండి."

"ఆవిడెవరు? మన డిపార్ట్‌మెంటా?"

"కాదండి, రైతండి. మజ్జిగ చిలికే గదిలో మూలన పెడతారండి. నూనె రాసి శుభ్రంగా ఉంచుతారండి."

"గవర్నమెంటు హ్యాండిల్ మజ్జిగ గదిలో ఎందుకుంది?"

సత్తియ్య నన్ను జాలిగా చూశాడు. "ఇప్పుడు శివారు వంతు కదండీ."

పద్ధతి ఇదీ. ఎవరి వంతు నడుస్తుంటే హ్యాండిల్ వాళ్ళ దగ్గర ఉండకూడదు, అవతలి ఊరి దగ్గర ఉండాలి. వంతు మారే పొద్దున రెండూళ్ళవాళ్ళూ గేటు దగ్గరికొస్తారు. దాచినవాళ్ళు హ్యాండిల్ సత్తియ్యకిస్తారు. అతను గడియారం చూసి ఒక గేటు దించి, ఇంకోటి ఎత్తి, హ్యాండిల్ రెండోవాళ్ళకిస్తాడు.

"నీ దగ్గరే పెట్టుకోవచ్చుగా?" అన్నాను.

"నా దగ్గరుంటే రెండూళ్ళూ నా మీద పడతాయండి. వంతోళ్ళ దగ్గరుంటే టైమైనా దింపరండి. అవతలోళ్ళ దగ్గరుందనుకోండి, నీళ్ళకి తేడా వస్తే మాట వాళ్ళకొస్తుందండి. మాట పడ్డం ఎవరికిష్టమండి?"

ఇంత మంచి ఇంజనీరింగ్ నేను కాలేజీలో వినలేదు. కానీ ఆ రోజు నాకది ఇంజనీరింగులా వినిపించలేదు, నేరంలా వినిపించింది. రూలు ప్రకారం గేటు సామాను లస్కరు స్వాధీనంలో ఉండాలి, ప్రైవేటు వ్యక్తుల దగ్గర కాదు. నేను రూళ్ళ పుస్తకం కొత్తగా చదివినవాణ్ణి. కొత్తగా చదివినవాడు ప్రమాదకరం.

వీరాయమ్మ గారింటికి నేనే వెళ్ళి హ్యాండిల్ తెచ్చాను. ఆవిడ పది ఎకరాలు సొంతంగా సాగు చేయించే మనిషి. భర్త పోయాడు. చేతికి అంటిన వెన్న కడుక్కుంటూ బయటికొచ్చారు.

"పట్టుకెళ్ళండి బాబూ, మూల ఖాళీ అవుద్ది. కానీ ఇకమీదట శివారోళ్ళకి నీళ్ళాగితే మాట మీరు పడాలి."

"పడతాను లెండి" అన్నాను దర్జాగా.

హ్యాండిల్ సత్తియ్యకిచ్చాను. అతని మీద కూడా నమ్మకం లేక, రెండు గేట్లకీ గొలుసు చుట్టి తాళం వేయించాను. తాళంచెవి నా జేబులో. వంతు మారే రోజున నేనే వచ్చి తీస్తానన్నాను.

పాత పద్ధతి బంగారం అనుకోకండి. అందులోనూ అన్యాయం ఉంది. వంతు ఊరిదే గానీ, ఊళ్ళో ఎవరి చేను ముందు తడవాలో పెద్ద రైతులు తేల్చేవారు. కౌలు రైతులకి ఆఖర్న మిగిలిందే దక్కేది. నేను ఆ అన్యాయం సరిచేయడానికి వెళ్ళి ఉంటే కొంత గౌరవం దక్కేది. నేను వెళ్ళింది హ్యాండిల్ కోసం.

తునిలో పెళ్ళి

ఆరు వారాలు నా తాళం బ్రహ్మాండంగా పనిచేసింది. ప్రతి వంతుకీ ఆరింటికి మోటారు సైకిలు మీద వెళ్ళి తీసేవాణ్ణి. ఒక చిన్న మార్పు మాత్రం అప్పుడు నా కంట పడలేదు. గేటు దగ్గరికి జనం రావడం మానేశారు. తాళం గవర్నమెంటుదయ్యాక వాళ్ళకేం పని?

ఏడో వారం తునిలో మా మేనమామ కూతురి పెళ్ళి. శనివారం వెళ్ళాను. ఆదివారం సాయంత్రం రైలెక్కాలి. విడిదింట్లో పేకాట మంచి పట్టులో ఉంది, ముక్కలు నాకు పడుతున్నాయి. "రేపెళ్దువులే" అన్నారు బావలు. సోమవారం వంతు గుర్తుంది. ఒక పూట ఆలస్యమైతే ఏం కొంప మునుగుతుంది అనుకున్నాను. ఆ ఒక పూట మంగళవారం దాకా సాగింది. నేను ఆఫీసులో రైలు తప్పిందని చెప్పాను. రైలు తప్పలేదు. రైలు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. నేను విడిదింట్లో పంచిన ముక్కలు తీసుకుంటున్నాను.

శివారులో వరి పొట్ట మీద ఉంది. ఆ దశలో చేను ఎండితే గింజ తాలవుతుంది. సోమవారం ఆరింటికి సత్తియ్య గేటు దగ్గర నిలబడ్డాడు. ఏడు దాటాక సైకిలు తొక్కుకుంటూ మా ఇంటికొచ్చాడు, ఇల్లు తాళం. అప్పుడు సెల్‌ఫోన్లు లేవు. తిరిగి వెళ్ళి, మధ్యాహ్నం మూడింటిదాకా చూసి, గొడ్డలి తిరగేసి తాళం పగలగొట్టి శివారుకి నీళ్ళిచ్చాడు.

ఆ నీళ్ళు శివారుకి చేరాయో లేదో, ఎగువ ఊళ్ళో కుర్రాళ్ళు, "గవర్నమెంటు తాళానికే దిక్కులేదు, ఇంకేంటి?" అని గునపం వేసి ఎడమ గేటు కూడా ఎత్తేశారు. మర్నాటికి కాలువలో నీళ్ళు తోడే ఆయిలింజన్లు దిగాయి. ఆపై గట్టుకి గండ్లు పడ్డాయి. శివారువాళ్ళు కర్రలతో వచ్చారు. ఇద్దరికి తలలు పగిలాయి, గేటు దగ్గర పోలీసుల్ని పెట్టారు. ఏళ్ళ తరబడి ఒక్క పోలీసు లేకుండా తిరిగిన గేటు అది. శివారు చివరన కౌలు చేలు ఎండిపోయాయి.

నా తాళానికి ముందు ఎగువ ఊరివాళ్ళు నీళ్ళు దొంగిలించలేదు, అలా చేస్తే పక్క ఊరి ముందు తలెత్తుకోలేరు కాబట్టి. తాళం వేశాక ఆ సిగ్గుతో పని లేకపోయింది. తాళం పోయాక సిగ్గు తిరిగి రావడానికి టైము పట్టింది.

నేను రాసిన కాగితం

నా పైఅధికారి డీఈ గారు మంచి పనిమంతుడు. కాలువ మొత్తం ఆయన కళ్ళలో ఉండేది. కింది ఉద్యోగి తప్పు తన మీదికి రాకుండా చూసుకోవడంలో ఇంకా పనిమంతుడు. రిపోర్టు రాయమన్నారు. తాళంచెవి లస్కరు దగ్గరుందని, అతనే శివారువాళ్ళతో కుమ్మక్కై తాళం పగలగొట్టాడని రాసి తీసుకెళ్ళాను.

ఆయన కళ్ళజోడు తీసి, "చెవి వాడి దగ్గరుంటే పగలగొట్టడం దేనికయ్యా?" అన్నారు.

నేను పెన్ను తీశాను.

"చెవి పోగొట్టాడని రాయి. అయినా ఊరికే ఎందుకు పగలగొడతాడు? కారణం ఉండాలి. లంచం పుచ్చుకున్నాడని రాయి. నువ్వు స్వయంగా చూశావా?"

"లేదండి."

"చూశావు" అన్నారు ఆయన, మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుంటూ.

అలా రాశాను. తాళంచెవి అప్పుడు కూడా నా జేబులోనే ఉంది. రాస్తున్నంతసేపూ తొడకి గుచ్చుకుంటూనే ఉంది.

విచారణలో సత్తియ్యని ఒక్క ప్రశ్న అడిగారు. గొడ్డలి ఎవరిదని. "నాదేనండి" అన్నాడు. నేను కాగితం ముందుకి తోసి, "సంతకం పెట్టు సత్తియ్యా, నీ ఉద్యోగం కాపాడ్డానికే" అన్నాను. ఆ వాక్యం నా చేత ఎవరూ చెప్పించలేదు. అది నా సొంతం.

సంతకం పెట్టాడు. వారంలో తీసేశారు. భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద కాపలాకి వెళ్ళాడని విన్నాను. విని, ఊపిరి పీల్చుకున్నాను. అక్కడ లేని మనిషి కళ్ళలోకి చూడక్కర్లేదు.

కొత్త చట్టం, పాత హ్యాండిల్

కొన్నాళ్ళకి రైతులే నీటి సంఘాలు పెట్టుకునే చట్టం వచ్చింది. గేట్లు ఎలా నడపాలో నా సెక్షన్‌కి నియమాలు రాయమన్నారు. కూర్చుని సత్తియ్య చెప్పినదంతా ఆఫీసు భాషలో రాశాను: "వంతు లేని పక్షము వారి స్వాధీనమున హ్యాండిల్ ఉండవలెను." పైవాళ్ళకి తెగ నచ్చింది. పక్క సెక్షన్లకి పంపారు, నాకు మెప్పు కాగితం ఇచ్చారు. నిన్నటి నేరం ఇవాళ నియమమైంది. రెండింటి మీదా సంతకం నాదే.

కొత్త చట్టం ఒక మేలు చేసింది, అది చెప్పకపోతే తప్పు. వంతుల జాబితాలో కౌలు రైతుల పేర్లూ ఎక్కాయి. నా గొప్ప కాదది. శివారు ఆడవాళ్ళు పదిమంది మీటింగుకొచ్చి, పేర్లు ఎక్కేదాకా కుర్చీల్లోంచి లేవలేదు. ఆ తర్వాత సంఘం ఎన్నికలు పార్టీల చేతిలో పడ్డాయి. ఒక దాళ్వా అంతా హ్యాండిల్ కొట్లాట కేసులో సాక్ష్యంగా పోలీస్ స్టేషన్‌లో ఉంది. రైతులు పైపు రెంచీతో గేటు తిప్పుకున్నారు. చివరికి అలిసిపోయి మళ్ళీ పాత పద్ధతికొచ్చారు. ఇప్పుడు ఫోన్లో మెసేజీలొస్తాయి, వంతు ఎప్పుడని. హ్యాండిల్ మాత్రం ఇంకా అవతలి ఊళ్ళోనే పడుకుంటుంది.

చట్టం ఒకసారి వస్తే ఇక అంతా సర్దుకుంటుందని చేరిన కొత్తలో అనుకుంటాం. నా సర్వీసులో ఆ ఇనప ముక్క మజ్జిగ గదిలో ఉంది, లస్కరు ఇంట్లో ఉంది, పోలీస్ స్టేషన్‌లో ఉంది, మళ్ళీ ఊళ్ళోకొచ్చింది. ప్రతిసారీ ఏదో ఒక నియమం దాని వెనక ఉంది. తేడా వస్తే మాట ఎవరు పడాలో పదిమందికీ తెలిసినన్నాళ్ళూ గేటు సాఫీగా తిరిగింది. అది తెలియకుండా పోయిన ప్రతిసారీ తన్నుకున్నారు. కొత్త ఊరికి వెళ్ళినప్పుడు, రూలు అమలు చేసే ముందు, ఇక్కడ మాట పడేదెవరని అడగండి. నేను అడగలేదు. చెప్పినా వినలేదు.

సోమవారం ఆరింటికి

విరమణ తర్వాత మొదట ఆఫీసుకే వెళ్ళాను, నిజం రాసిన కాగితం పట్టుకుని. సత్తియ్య ఫైల్లో పెట్టమన్నాను. గుమాస్తా మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇప్పించాడు.

"ఆ ఫైలు లేదండి సార్. చెదలు పడితే పాతవన్నీ తీసేశారు. మీరు రాసిన అబద్ధమే మా దగ్గర లేదు, నిజం దేనికి అంటించమంటారు?"

చట్టం దృష్టిలో ఏమీ జరగలేదన్నమాట. సత్తియ్య ఊళ్ళో అలా లేదు. భీమవరం నుంచి తిరిగొచ్చి గట్టు పక్కన కూతురి దగ్గర ఉంటున్నాడు. వెళ్ళేసరికి చూరు కింద కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. డెబ్భై దాటాయి. గడియారం మాత్రం చేతికుంది.

"ఏంటండి ఏఈ గారూ, మోకాళ్ళు పోయాయంట?"

ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత మొదటి మాట అది. తుని, పేకాట, తాళంచెవి, డీఈ గారి కళ్ళజోడు, అన్నీ చెప్పేశాను. అతను ఒలవడం ఆపలేదు.

"ఆ కాగితం చదివేనండి" అన్నాడు చివరికి. "అయిదు దాకా చదివినోణ్ణండి. లంచం అన్న మాట చదవడం వచ్చండి."

"మరి సంతకం ఎందుకు పెట్టావు?"

"పెట్టకపోతే ఇంకా అడిగేవోరండి."

"ఏం అడిగేవారు?"

అతను ఇంకో కాయ అందుకున్నాడు. కూతురు మంచినీళ్ళ గ్లాసు నా ముందు పెట్టింది. "మా నాన్న చెప్పడండి. లంచం తిన్న లస్కరు కూతురని మా అత్తారింట్లో ఇవాళ్టికీ అంటారండి. నా పిల్లలతో కూడా అన్నారు. మీరు కాగితం మడిచి జేబులో పెట్టుకోండి. రేపు సోమవారం, వంతు మారుద్ది. గేటు దగ్గర చెప్పండి."

ఆఫీసులో చెప్పడానికి ఒకటే సంతకం చాలు. గేటు దగ్గర చెప్పడానికి మోకాళ్ళు కావాలి. వెళ్ళాను.

ఆరుకి పది నిమిషాల ముందు రెండూళ్ళవాళ్ళూ కలిసి పాతికమంది ఉన్నారు. హ్యాండిల్ శివారువాళ్ళు తెచ్చారు. ఇప్పటి లస్కరు పక్కన సత్తియ్య నిలబడ్డాడు, తిరిగొచ్చాక ఎప్పుడొచ్చినా దూరంగా గట్టు మీదే ఉండేవాడట. నేనొస్తున్నానని కబురందిందట, వీరాయమ్మ గారు ఆటో దిగి కర్ర ఊతంగా వచ్చారు. నేను ఉపన్యాసం తయారు చేసుకుని వెళ్ళాను గానీ, నోరు తెరిచేసరికి నాలుగే మాటలొచ్చాయి. తాళంచెవి నా దగ్గరే ఉంది. సత్తియ్య లంచం తినలేదు. నేను చూశానని రాసింది అబద్ధం. నేను ఆ రోజు తునిలో పేకాడుతున్నాను.

ఎవరో ఒక ముసలాయన, "గెలిచారాండి?" అన్నాడు. కొందరు నవ్వారు. నాకు దక్కాల్సిందే.

ఎగువ ఊరి రైతు ఒకాయన నవ్వలేదు. "లంచం లేకపోతే మరి వాళ్ళకోసం అంత తెగించడం దేనికండి? వాడికి గొడ్డలి మాత్రం ఎక్కణ్ణుంచొచ్చింది? శివారోళ్ళు ఇచ్చిందేగా?"

"నేనిచ్చాను" అన్నారు వీరాయమ్మ గారు.

అందరూ ఆవిడవైపు తిరిగారు.

"మా చేను నీళ్ళు ఆపుకుని, వాళ్ళకి ఇమ్మని నేనే ఇచ్చాను. ఆ హ్యాండిల్ ఎన్నేళ్ళు మా మూలనుంది! శివారు వంతు నడిచినన్నాళ్ళూ వాళ్ళ నీళ్ళకి పూచీ మాది. ఈ బాబు తాళమేసేస్తే పూచీ పోద్దా?" కర్ర నావైపు చూపించి, మళ్ళీ దించారు. "ఇచ్చాను గానీ చెప్పలేకపోయాను. మనూరి నీళ్ళు పక్కూరికి రాసిచ్చిందంటారని భయపడ్డాను. సత్తియ్య నా పేరు చెప్పలేదు. చెప్పకుండా పోయి చెరువుల మీద దోమల్లో పడున్నాడు. నేను ఇంట్లో మజ్జిగ చిలుక్కున్నాను."

అతను సంతకం ఎందుకు పెట్టాడో నాకప్పుడు తెలిసింది. ఇంకా అడిగితే గొడ్డలి నుంచి వీరాయమ్మ గారి దగ్గరికి వస్తారు.

సత్తియ్య గొంతు సవరించుకున్నాడు. "ఆ గొడ్డలి ఇంకా ఉందాండి?"

"ఉంది. పిడి మార్పించాం."

"మంచి గొడ్డలండి అది."

ఇప్పటి లస్కరు హ్యాండిల్ తీసుకెళ్ళి సత్తియ్య చేతిలో పెట్టాడు. "ఇవాళ నువ్వు తిప్పు మావయ్యా." శివారువాళ్ళు దారిచ్చారు. అతను గేటు దగ్గరికి నడిచి, హ్యాండిల్ బిగించి, తిప్పకుండా మణికట్టు పైకెత్తి చూసుకున్నాడు.

"ఇంకా నాలుగు నిమిషాలుందండి" అన్నాడు. "ఎగువోళ్ళ నీళ్ళు ఎగువోళ్ళవే."

పాతికమందిమీ, నేనూ, నాలుగు నిమిషాలు నిలబడ్డాం. నా మోకాళ్ళు కూడా నిలబడ్డాయి. ఆరయింది.